వెక్స్‌కోమ్‌లో రైలుబొమ్మ ఓటు

ఓటు వెయ్యకపోతే జరిమానా వేసే దేశంలో, వెక్స్‌కోమ్ జనం ఓటేసి మరీ వేటేస్తారు. మెల్‌బోర్న్ శివారులో యాపిల్ తోటలున్నంత కాలం ఆ సీటు నీలిపార్టీది. తోటలు పోయి ఇళ్ళు లేచాక ఎర్రపార్టీది. ఆ తర్వాత నియోజకవర్గం హద్దులు మారినప్పుడల్లా సీటు బుద్ధులూ మారాయి. మారనిదొక్కటే. నిలబడ్డ ప్రతివాడూ రైలు తెస్తానంటాడు. యాభై ఏళ్ళుగా మాట పట్టాలెక్కింది గానీ రైలెక్కలేదు.

నోలీన్ ట్రాంటర్‌ది ఎర్రపార్టీ. మొగుడు మెర్వ్‌ది నీలిపార్టీ. కాపురానికి ముప్పై ఎనిమిదేళ్ళు, వాకిట్లో బోర్డులు రెండు. ఎన్నికల నెలంతా వాళ్ళింట్లో మాటలకంటే మూతి విరుపులే ఎక్కువ.

ఈసారి రెండుసార్లు లెక్కపెట్టినా రెండు పార్టీలూ సమానంగా తేలాయి. మిగిలింది ఒక్క కాగితం. దాని మీద నీలిపార్టీ ఏజెంటు క్లైవ్ అభ్యంతరం పెట్టాడు. ఎర్రపార్టీ ఏజెంటు నోలీన్. ఏజెంట్లు కాగితం ముట్టుకోకూడదు కనక ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని కొంగల్లా మెడలు చాచారు.

అక్కడ ఏడుగురు అభ్యర్థులకీ ఇష్టం వరసలో ఒకటి, రెండు అని అంకెలెయ్యాలి; ఏడు గళ్ళలోనూ అంకెలు శుభ్రంగా ఉన్నాయి. ఒకటి ఎర్రపార్టీకే. మూలన మాత్రం టోపీ పెట్టుకున్న రైలింజను బొమ్మ. కింద, "ఈసారికి మీరు. రైలేదీ?"

నోలీన్ గుండె కూతేసింది. ఆ టోపీ రైలు ఆమె ఫ్రిజ్ మీద సరుకుల చీటీలో ఉంది, పెళ్ళిరోజు కార్డుల్లో ఉంది. మెర్వ్! ముప్పై ఎనిమిదేళ్ళ నీలిరంగు ఒక్కసారిగా వెలిసిపోయింది! "దొరికాడు దొంగ" అని అరవాలని నాలుక దురద పుట్టింది. కానీ వేసినవాడెవడో తెలిసిపోతే ఓటు చెల్లదు. అరిస్తే మొగుడి మీద గెలుస్తుంది, సీటు ఓడిపోతుంది.

"ఈ రైలు నేనెక్కడో చూశాను ఇవోనా గారూ," అన్నాడు క్లైవ్ నుదురు గోక్కుంటూ. మెర్వ్‌తో కలిసి శనివారం శనివారం క్లబ్బు పచ్చికలో బంతులు దొర్లించే బౌల్స్ ఆట ఆడేది అతనే మరి. "క్లబ్బులోనో... ఎక్కడో..."

"పేరు చెప్పగలరా?" అంది ఎన్నికల అధికారిణి ఇవోనా.

"నోటిదాకా వచ్చింది. నోలీన్, నువ్వూ చూశావు కదూ?"

నోలీన్ చాచిన మెడ వెనక్కి లాక్కుంది. "రైలు బొమ్మా? వెక్స్‌కోమ్‌లో ఇప్పటికి అయిదుగురు ఎంపీలు గీశారు క్లైవూ. వాళ్ళలో ఎవరిదని చెప్పమంటావు?"

వెనకాల గుమాస్తాలు కిసుక్కుమన్నారు. క్లైవ్ ఎర్రబడ్డాడు, ఆ పార్టీకి అది పడని రంగు. నోటిదాకా వచ్చిన పేరు కాస్తా ఆ నవ్వుల్లో జారిపోయింది.

"పేరు చెప్పలేదు కాబట్టి ఎవరిదో తెలియనట్టే," అంది ఇవోనా. "ఓటు చెల్లుతుంది."

ఒక్క ఓటుతో ఎర్రపార్టీ గెలిచింది.

ఇంటికొచ్చేసరికి మెర్వ్ టోస్టు మీద నల్లటి వెజిమైట్ ముద్ద రాస్తున్నాడు, మొహం మీద కూడా అదే రంగు.

"ఒక్క ఓటే! విన్నావుటే?" అన్నాడు.

"విన్నా." కోర్టుకెళ్ళడానికి నీలిపార్టీకింకా నలభై రోజుల గడువుంది. నలభై రోజులు నోరు కట్టుకోవాలి. దేశంలో ఇంతకంటే కఠినమైన శిక్ష లేదనిపించిందామెకు. "పాపం, ఎవడో తిక్క వెధవ వేసుంటాడు."

"వెధవా గిధవా అనకు!" గయ్యిమన్నాడు మెర్వ్. కత్తి ప్లేటు మీద ఠంగుమంది. వెంటనే గొంతు తగ్గించి, "అంటే... ఆయన బాధేమిటో ఆయనకుంటుంది కదా," అన్నాడు.

నోలీన్ అతని చేతిలో టోస్టు లాక్కుని మొత్తం నోట్లో కుక్కుకుంది.