లక్ష్మీరాజం చూసొచ్చిన సముద్రం

సముద్రం సంగతి నా ముందు ఎత్తకండి. ఈ దేశానికి ఎన్ని ఒడ్లున్నాయో అన్ని ఒడ్ల మీదా నా కాళ్ళు తడిశాయి. కాబట్టి కరోనా వచ్చిన మరుసటేడు, ఫిబ్రవరిలో ఒక పొద్దున, హజీరా రేవులో పెద్ద పడవ ఎక్కిన ఇద్దరు మనుషుల కథ చెప్పడానికి నన్ను మించినవాడు సూరత్‌లో లేడు.

పడవ కదిలేసరికి లక్ష్మీరాజం కమ్మీ పట్టుకొని నిలబడి, అలవాటుకొద్దీ ఇంజను చప్పుడులో తేడా వెతుకుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా సూరత్ పాండేసరలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన చెవి అది. పన్నెండు మరమగ్గాల మోతలో ఏది తప్పుగా కొట్టుకుంటున్నదో ఇట్టే పట్టేస్తుంది. పక్కన నిలబడిన మనిషి మాట మాత్రం అరిస్తే తప్ప అందుకోదు. యాభై ఆరేళ్ళ బక్కమనిషి. చూపుడువేలి నిండా పోగులు కోసిన సన్నటి గాట్లు. కనుబొమ్మల్లో ఎప్పుడూ ఇంత దూది.

పక్కన ముత్యం. ఒకే ఊరివాడు, రెండేళ్ళు పెద్ద. పద్దెనిమిదేళ్ళుగా భేస్తాన్ గదిలో ఇద్దరిదీ ఒకటే పరుపు. లక్ష్మీరాజంది పగటి పాళీ, ముత్యంది రాత్రి పాళీ. ఒకడు లేచిన వెచ్చదనంలో మరొకడు ఒరిగేవాడు. పొద్దున ఏడింటికీ, సాయంత్రం ఏడింటికీ మగ్గాల దగ్గర ఎదురుపడేవాళ్ళు. "నాలుగోది జర సతాయిస్తున్నది," అని ఒకడంటే, "గదిల గంజుల బువ్వున్నది," అని ఇంకొకడనేవాడు. అదీ సంసారం. ఆగిన సాంచాను అవతలివాడికి అప్పగించకూడదని ఇద్దరి మధ్యా ఒక కట్టు. తెగిన పోగులన్నీ ముడేసి, మగ్గం ఆడుతుండగానే పక్కకు తప్పుకోవాలి. ఆ కట్టు ఒక్కనాడూ తప్పలేదు. కానీ ఇద్దరూ కలిసి ఒక పూర్తి పగలు గది బయట గడపడం మాత్రం ఇదే మొదలు.

"గిదేందిరా రాజం, సముద్రం చాయోలె ఉన్నది!" ముత్యం అరిచాడు.

"ఇది మన దిక్కుదే అన్నా! అవుతల మంచిగుంటది!" లక్ష్మీరాజమూ అరిచాడు.

పక్కనున్న గుజరాతీ కుటుంబం, జగడమేమో అనుకొని, మాస్కులు పైకి లాక్కొని బెంచీ మార్చుకుంది.

అరవడానికైనా ముత్యానికి మునుపటి ఊపిరి లేదు. పది మెట్లెక్కితే కూలబడతాడు. చొక్కా భుజాల మీద కాకుండా హ్యాంగరుకు వేలాడుతున్నట్టుంటుంది. ఇక పన్నెండు గంటలు నిలబడలేనని తేలాక, మర్నాటికి ఊరి రైలుకు టికెట్టు తీసుకున్నాడు. పోయేముందు ఒకటే అడిగాడు: "నువ్వు చూసొచ్చిన ఆ రాళ్ళ ఒడ్డు నాక్కూడ సూపియ్యి."

ఆ ఒడ్డు సంగతికి వద్దాం. కిందటేడు జూలైలో, మూతబడ్డ మగ్గాలు అప్పుడప్పుడే మళ్ళీ ఆడుతున్నాయి. పక్క గల్లీలోంచి ఆ వారంలో రెండు శవాలు పోయాయి. ఒక తెల్లవారుజామున మిల్లు కాపలాదారు లక్ష్మీరాజానికి ఫోను చేశాడు. ముత్యానికి జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నది, గదికి పంపిస్తున్నానన్నాడు. లక్ష్మీరాజం పాళీకి పోలేదు. ఇద్దరి దగ్గరా చెవులుండే తాళం పక్కన పడేసి, తన రేకుపెట్టె తాళం తీశాడు. తలుపు మూసి, పక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, గొళ్ళేనికి ఆ తాళం వేశాడు. కిటికీ మూసి, లోపల పరుపు మీద ముడుచుకొని పడుకున్నాడు.

ముత్యం వచ్చి తన తాళంచెవి తిప్పి చూశాడు. తిరగలేదు. మెట్ల మీదే పడుకున్నాడు. రెండు రోజులు. మూడోనాడు మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకుపోయింది. నెల తర్వాత సగం మనిషై తిరిగొచ్చాడు.

"యాడికి పోయినవ్‌రా?" అని అడిగాడు.

"ఉప్పు లారీవోడు తోల్కపోయిండన్నా. తొందరల వేరే తాళం పడ్డది," అన్నాడు లక్ష్మీరాజం. అంతటితో ఊరుకుంటే పోయేది. సిగ్గుపడ్డ మనిషి నోరు ఊరుకోదు. అఖాతం చుట్టి అవతలి ఒడ్డుకు పోయానన్నాడు. నరసంచారం లేని చోటన్నాడు. బర్రెల మంద పండుకున్నట్టు నల్లరాళ్ళన్నాడు. ఒక గుహ ఉందనీ, దాంట్లోకి నీళ్ళు దూరి పైకి చిమ్ముతాయనీ చెప్పాడు. ముత్యం ఒక్క మాటా అనుమానించలేదు. పైగా పాళీ మారే ప్రతిసారీ ఇంకొంచెం అడిగేవాడు. "చేపలుంటయా? రాళ్ళు కాళ్ళకు కోస్తయా?" అడిగినప్పుడల్లా లక్ష్మీరాజం ఇంకో రాయి తెచ్చి పెట్టాల్సి వచ్చేది. అబద్ధానికి కూలి లేదు గానీ పని మాత్రం రెండు పాళీలు.

ఇక్కడ నా మాట కూడా ఒకటి సవరించుకోవాలి. నేను చూసిన సముద్రం సూరత్ పక్కనున్న డుమస్ ఒక్కటే. అదైనా టమాటా భజియా తింటూ, వీపు అటు పెట్టి. కాళ్ళు తడిశాయన్నది వానకు. ఇకమీద చెప్పే ఒడ్డంతా లక్ష్మీరాజం నోట విన్నదే.

అవతలి రేవులో దిగి లక్ష్మీరాజం ఒక జీపువాణ్ణి పక్కకు పిలిచాడు. ముత్యానికి వినపడదు గనుక ధైర్యంగానే అడిగాడు: రాళ్ళుండాలి, మనుషులుండకూడదు, అట్లాంటి ఒడ్డు ఏదైనా ఉందా? వాడు తల గోక్కొని, ఉంది ఎక్కండన్నాడు. తుమ్మపొదల మధ్య గంటన్నర కుదిపి, దారి అయిపోయిన చోట ఆపాడు.

లక్ష్మీరాజం దిగి చూసి, అక్కడే నిలబడిపోయాడు.

బర్రెల మందలా నల్లరాళ్ళు. కోసేసే గవ్వలు అంటుకొని, తడిసి, మెరుస్తున్నాయి. రెండు గుట్టల నడుమ విల్లులా వంగిన ఒడ్డు. ఎడమ చివర ఒక గుహ. అల వచ్చి దాంట్లో దూరింది. ఒక్క క్షణం ఆగి, పైనున్న కంతలోంచి తెల్లగా చిమ్మింది.

"అచ్చం నువ్వు చెప్పినట్టే ఉన్నదిరా!" ముత్యం చిన్నపిల్లాడిలా రాళ్ళు పట్టుకొని దిగాడు. పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నీళ్ళు చిమ్ముతయన్నవు, చిమ్మినయ్! నువ్వు కూసున్న రాయి యాదిరా? గిదేనా?"

లక్ష్మీరాజం ఏదో ఒక రాయి చూపించాడు. ముత్యం దాన్ని అరచేత్తో తుడిచి, పెళ్ళిపీట మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి రెండు స్టీలు గ్లాసుల్లోకి చాయ్ పోశాడు.

"నేనేమో మనసుల తిట్టుకున్న తమ్మీ, నన్ను ఇడిచిపెట్టి పోయిండని. నాది తప్పు. ఇసొంటి జాగ దొరికితే ఎవలు పోరు?"

ఇక భయం లేదు. అబద్ధం గట్టెక్కింది. రేపు ముత్యం రైలెక్కితే ఊరంతా ఈ రాళ్ళ గురించే చెబుతాడు. లక్ష్మీరాజం చెయ్యాల్సింది చాయ్ తాగడమొక్కటే. కానీ గ్లాసు నోటిదాకా ఎత్తి దించేశాడు.

"నేను ఈడికెన్నడు రాలే అన్నా," అన్నాడు.

"ఏందీ?"

"రాలే అంటున్న."

"అల మోత! జర గట్టిగ చెప్పు!"

సిగ్గుమాట ఎవడైనా గొణుగుతాడు. సాంచావాడికి ఆ సుఖం కూడా లేదు. లక్ష్మీరాజం లేచి నిలబడి, మగ్గం ఆగిందని కేకేసినట్టు కేకేశాడు: "నేను ఈడికి రాలే! లోపటనే ఉన్న! తాళం ఏసుకొని అర్రలనే ఉన్న!"

గుహ ఆ మాటను ఇంకోసారి అంది. జీపువాడు తిరిగి చూశాడు.

"లోపటనా?"

"లోపటనే."

"నేను మెట్ల మీద పన్నప్పుడు?"

"గప్పుడే."

"మీదింటోళ్ళను మొత్తుకొని నీళ్ళడిగిన గద నేను."

"ఇన్న."

"రెండు దినాలడిగిన."

"రెండు దినాలూ ఇన్న. కుండ నా తలాపునే ఉండె."

ముత్యం నీళ్ళవైపు తిరిగాడు. తర్వాత నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వి, లక్ష్మీరాజం వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఓరి పిరికోడా! మరి గిన్ని రాళ్ళెట్ల పుట్టిచ్చినవ్‌రా?" అన్నాడు.

పడవ వేళైంది. ఇద్దరూ లేచారు.

మర్నాడు పొద్దున ముత్యం ఊరికి పోయాడు. అదే వేళకు లక్ష్మీరాజం పాళీ ఎక్కాడు. సాయంత్రం ఏడింటికి మగ్గాల దగ్గరికి ఎవరో కొత్తవాడొచ్చాడు. లక్ష్మీరాజం తెగిన పోగులన్నీ ముడేసి, ఆడుతున్న మగ్గాలనే అతనికి అప్పగించి గదికి వచ్చాడు. పరుపు చల్లగా ఉంది.

పొద్దంతా అబద్ధాలాడే ముసలివాణ్ణి నేను. ఈ ఒక్క కథలో ఒక్కటే కల్పించాను. అదీ లక్ష్మీరాజం మొహం చూడలేక. రాళ్ళు నిజం, గుహ నిజం, నీళ్ళు చిమ్మడమూ నిజమే. ముత్యం నవ్వలేదు. వీపు మీద చరచలేదు, పిరికోడా అనలేదు. చేతిలోది పక్కన పెట్టి, రాళ్ళు పట్టుకుంటూ, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ, ఒక్కడే జీపు దాకా ఎక్కాడు. లక్ష్మీరాజం వెనక్కి తిరిగి చూసేసరికి ఆ నల్లరాతి మీద స్టీలు గ్లాసు, అందులో సగం చాయ్, దాని మీద అప్పుడే కడుతున్న మీగడ.