చేటకు దండం

జానకమ్మ గడప పక్కన కాళ్ళు చాపుకుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆంధ్రాకు దూరంగా, ఈ రైల్వే పేట న్యూ సెటిల్‌మెంట్‌లో చాలా ఇళ్ళకు ఇడ్లీ పిండి ఆమే రుబ్బి ఇస్తుంది.

ఆమె భర్త గోపాలం పూజ ముగించి వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. మంచం దిగేముందు నేలకు మొక్కుతాడు, సైకిలెక్కేముందు హ్యాండిల్‌కు మొక్కుతాడు, పాత పేపరు కాలికి తగిలినా కళ్ళకద్దుకుంటాడు. ఆయన ఎదురైతే పేటంతా చేతులు జోడిస్తుంది.

కండువా సర్దుకుంటూ నడిచేసరికి ఆయన కాలు జానకమ్మ మోకాలికి గట్టిగా తగిలి, చేటను తాకింది. బియ్యం చిందాయి. ఆయన చటుక్కున వంగి, చేటను ముట్టుకుని, వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు.

"నాక్కూడా తగిల్నాదండీ," అంది మోకాలు రుద్దుకుంటూ.

"నువ్వేటి, పరాయిదానివా? ఇంటి మనిషికి దండాలేటి!" నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఒకసారి జ్వరంతో నేలమీద పడుంటే తనను దాటుకుపోయి, గడపకు మాత్రం మొక్కి బయటికెళ్ళాడీ మహాభక్తుడు. చిందిన బియ్యం ఎత్తి చేటలో పోసింది. మళ్ళీ ఏరబుద్ధి కాలేదు.

సాయంత్రం గుడిలో గోపాలం ప్రసంగం. ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. పదిమందిలోనైనా తన మాట ఎత్తుతాడేమోనని ఏ మూలో ఆశ.

"ప్రతి వస్తువులోనూ దేవుడున్నాడు," అన్నాడు గోపాలం. "ఈ పొద్దున్నే నా కాలు సేటకి తగిల్నాది. దండమెట్టినాకే అడుగు కదిపినాను."

చప్పట్లు మోగాయి. పక్కనే కూర్చున్న మహతి, ఇంజనీరింగ్ చదవడానికి ఆంధ్రా నుంచి వచ్చిన పిల్ల, ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎంత అదృష్టమండీ మీది!"

"అప్పుడా సేట నా ఒళ్ళోనే ఉంది తల్లీ. ముందు తన్నింది నన్ను. ఇదిగో, నా మోకాలు సూడు!"

ముందు వరసలు కూడా వెనక్కి తిరిగాయి. గోపాలం ఆమెను చూశాడు. చూసి, కళ్ళు మూసుకుని శ్లోకం ఎత్తుకున్నాడు.

జానకమ్మ లేచింది. ఇంటికొచ్చి సంచిలో నాలుగు చీరలు పెట్టుకుంది. తాళం పక్కింట్లో ఇచ్చి, వీధిలో పోతున్న టోటో రిక్షాను ఆపింది.

"పూరీ గేట్ చలో దాదా. మా అక్క ఇంటికి."

ఏళ్ళ తరబడి పని కాగానే గోడ మేకుకు తగిలించే చేటను ఇవాళ తగిలించలేదు. సగం ఏరిన బియ్యంతో అది గడప లోపల, గోపాలం మొదటి అడుగు పడేచోటే ఉంది.