పద్దెనిమిది నిమిషాల్లో చేరాం

నేను ఒక పలకను. బలపం అక్కర్లేదు, వేలితో తాకితే చాలు. మీరు నన్ను ట్యాబ్ అంటారు. ఇప్పుడు జిల్లా కేంద్రంలోని ఒక స్టోర్ గదిలో, విరిగిన స్ట్రెచర్ చక్రాల పక్కన, అట్టపెట్టెలో పడి ఉన్నాను. పనిలేని బుర్ర ఊరికే ఉండదు కదా, ఏదో ఒకటి ఆలోచిస్తూనే ఉంటుంది. ఎంత ఆలోచించినా ఒక్క సంగతి తేలడం లేదు. ఒక చోటికి చేరడం అంటే ఏమిటి? మీరు మనుషులు, మీకు తెలిసే ఉంటుంది. నా కథ విని మీరే చెప్పండి.

నేను పుట్టింది ఒక పెద్ద షెడ్డులో. నాతోపాటు పుట్టినవాళ్లలో కొందరు బడిపిల్లల దగ్గరికి పోయారు, కొందరు కరెంటు బిల్లులు కొట్టేవాళ్ల దగ్గరికి పోయారు. నా పెట్టె మీద మాత్రం 'పైలట్ వాడకానికి' అని రాశారు. విమానం ఎక్కబోతున్నానని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. తీరా చూస్తే అంబులెన్సు. అంబులెన్సు నడిపేవాణ్ని ఈ ఉద్యోగంలో పైలట్ అంటారట. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నా అయోమయం అక్కడ మొదలైంది.

బండి ఎక్కించే ముందు నన్ను రెండు రోజులు కాల్ సెంటర్లో ఉంచారు. నగరంలో పెద్ద హాలు. వరుసగా కూర్చున్న అమ్మాయిలూ అబ్బాయిలూ చెవులకు ఫోన్లు తగిలించుకుని మాట్లాడుతూనే ఉంటారు. వాళ్లు ముందుగా అడిగేది ఏ జిల్లా, ఏ మండలం, ఏ ఊరు అని. అవతలివాళ్లు ముందుగా చెప్పేది "అదే మేడం, మా మేనమామ ఇంటెనుక" అని. ఎలాగో ఊరు తెలుసుకుని, దానికి దగ్గరలో ఏ బండి ఖాళీగా ఉందో మ్యాపులో చూసి, ఆ బండిలోని నాలాంటి పలకకు కేసు పంపుతారు. హాలు గోడకు సినిమా తెరంత తెర ఒకటి ఉంది. ఫోన్ ఎత్తిన క్షణం నుంచి దాని మీద నిమిషాలు నడుస్తాయి. పల్లెలో ఇరవై నిమిషాలు దాటితే ఆ కేసు ఎర్రబడుతుంది. ఎర్ర కేసులు ఎక్కువైన బండికి నెలాఖరున మెమో వస్తుంది. అందరూ రోగిని చూస్తారనుకున్నాను గాని, ఆ హాల్లో అందరి చూపూ ఆ రంగుల మీదే.

నా ముఖం మీద నాలుగు బటన్లు పెట్టారు. బయలుదేరాం. చేరాం. ఎక్కించాం. దించాం. రెండో బటన్ ఒత్తగానే గోడ మీద నిమిషాలు ఆగిపోతాయి. నాకు నేర్పిన చదువు ఇంతే.

నన్ను భిక్షపతి చేతిలో పెట్టారు. నలభై అయిదేళ్ల మనిషి, కాస్త బట్టతల, పెద్ద గొంతు. గుంతల రోడ్డు మీద అతను బండిని తేలించుకుపోయే తీరు చూశాక పైలట్ అన్న మాటలో తప్పేమీ లేదనిపించింది. వెనకాల రోగి పక్కన కూర్చుని సెలైన్లూ కట్లూ చూసుకునే ఆమె పేరు స్వరూప. మా బండి మండల కేంద్రంలోని ఆస్పత్రి ఆవరణలో, వేపచెట్టు కింద నిలబడి ఉండేది. ఆయుధపూజ నాడు భిక్షపతి బండికి నిమ్మకాయలు కట్టి, నన్ను మాత్రం ఎందుకు వదలాలని నా ముఖానికీ ఇంత పసుపూ కుంకుమా పూశాడు. ఆ రోజంతా 'బయలుదేరాం' ఒత్తితే 'దించాం' పడింది. అయిదు కేసుల్లో రోగిని ఎక్కించకుండానే దించేశామని గోడ మీద కనిపించిందట. ఆఫీసు ఫోన్ చేసి తిట్టింది. నన్ను కళ్లకద్దుకుని తుడిచిన స్వరూప నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇక అసలు చిక్కు. మా మండలంలో గుట్టకింది మలుపు అని ఒక చోటుంది. అది దాటితే చెలిమెకుంట, దాని చుట్టూ తాటివనాలు. ఆ మలుపు దాటితే నాకు సిగ్నల్ ఉండదు. ఊళ్లో ఉన్న టవర్ ఒక కంపెనీది, నా సిమ్ము ఇంకో కంపెనీది. మొదటిసారి ఆ ఊరికి వెళ్లినప్పుడు భిక్షపతి బుద్ధిగా రోగి గడపలో నిలబడి 'చేరాం' ఒత్తాడు. ఆ మాట నా కడుపులోనే ఉండిపోయింది. రోగితో మళ్లీ మలుపు దగ్గరికి వచ్చాక గాని బయటపడలేదు. గోడ లెక్క యాభై ఒక్క నిమిషాలు. మెమో వచ్చింది. భిక్షపతి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "గా మలుపు కాడనే ఒత్తుడు మంచిది. అందరు గట్లనే ఒత్తుతున్నరట" అన్నాడు.

అప్పటినుంచి చెలిమెకుంట కేసులన్నిటికీ మలుపు దగ్గరే చేరిపోయేవాళ్లం. బండి పరుగెత్తుతూనే ఉండేది, భిక్షపతి బొటనవేలు నా మీద పడేది, నేను చేరామని చెప్పేదాన్ని. నా లోపల ఉపగ్రహం చూపే చుక్క ఒక చోట ఉండేది, నా మీద పడ్డ వేలు ఇంకో చోటు చెప్పేది. ఎవరి మాట నమ్మాలో తెలిసేది కాదు. ఆఫీసు వేలినే నమ్మింది. పెద్దలకు తెలియనిది నాకేం తెలుసు అని నేనూ ఊరుకున్నాను.

ఆ రోజు పొద్దున ఎనిమిదీ నలభైకి చెలిమెకుంట నుంచి ఫోన్ వెళ్లింది. రెండు నిమిషాల్లో కేసు నాకు అందింది. 'ఉప్పలయ్య గౌడ్, వయసు 40. తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. స్పృహలో ఉన్నాడు. నడుము నొప్పి. కాళ్లు కదుపుతున్నాడు. కదిలించవద్దని చెప్పడమైనది.' భిక్షపతి చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆ మనిషి నిజంగానే ఒళ్లు దాచుకోకుండా నడిపాడు, అది నేను ఎక్కడైనా చెప్తాను. ఎనిమిదీ యాభై ఎనిమిదికి మలుపు వచ్చింది. వేలు పడింది. పద్దెనిమిది నిమిషాలు. గోడ మీద పచ్చరంగు వెలిగే ఉంటుంది.

అక్కడి నుంచి తాటివనానికి చెరువు కట్ట మీది బాట. ముందురోజు వానకు అది బురద అయింది. ఎదురుగా బర్రెల మంద. స్వరూప దిగి బర్రెలను అదిలించింది, భిక్షపతి చక్రం కింద రాళ్లు వేశాడు. తొమ్మిదీ పదిహేడుకు తాటివనం చేరాం. అక్కడ ఉప్పలయ్య లేడు. చెట్టు మొదట్లో, చెట్టెక్కే మోకు తెగి పడి ఉంది, లొట్టి పగిలి కల్లు నేలకు ఇంకుతోంది, ఒక చెప్పు ఉంది. అక్కడున్న ముసలాయన భిక్షపతిని వింతగా చూశాడు.

"మీరు రోడ్డు మీదికి వచ్చిన్రని సెప్పిన్రు గద. వాళ్ల బామ్మర్ది మోటరుసైకిల్ మీద ఏసుకొని అడ్డతొవ్వల తోలుకపోయిండు."

భిక్షపతి ముఖం ఎప్పుడూ అలా చూడలేదు. బండి వెనక్కి తిప్పాడు. మలుపు దగ్గర, రోడ్డు పక్కన బస్సు ఆగే చోట, సిమెంటు అరుగు మీద ఉప్పలయ్య పడుకుని ఉన్నాడు. తలను భార్య అండాలు ఒళ్లో పెట్టుకుంది. ఆమె తమ్ముడు లింగస్వామి మోటరుసైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్వరూప ఉప్పలయ్య పాదం గిల్లి అడిగింది.

"తెలుస్తుందా పెద్దన్నా?"

"ఏది? గిల్లినవా?" అన్నాడతను.

నాలో ఆమె నింపింది: 'కాళ్లు: కదలిక లేదు.' అదే కేసులో పైన 'కాళ్లు కదుపుతున్నాడు' అని ఉంది. ఒకే మనిషి, ఒకే పొద్దు. నాకు మతి పోయింది. ఇంతలో సిగ్నల్ వచ్చి కాల్ సెంటర్ రాసిన ఇంకో వరుస నాలోకి దిగింది. '9.05. రెండవ కాల్. బండి చేరినదని తెలియజేయడమైనది. రోడ్డు వైపు చూడమని సూచించడమైనది. సిబ్బంది ఫోన్లు అందుబాటులో లేవు.' తప్పు ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయిది కాదు. చేరామని ఆమెకు చెప్పింది నేను.

ఇరవై రోజుల తర్వాత మా బండికి ప్రశంసాపత్రం వచ్చింది, జిల్లాలో అందరికంటే తొందరగా చేరిన బండి అని. ఆ పత్రం లెక్కలో ఉప్పలయ్య కేసు కూడా ఉంది. భిక్షపతి దాన్ని డాష్‌బోర్డు మీద బోర్లా పెట్టాడు. నాకు అర్థం కాలేదు. మంచి మాట రాసిన కాగితాన్ని మనుషులు బోర్లా పెడతారా?

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అండాలు వేపచెట్టు కిందికి వచ్చింది. స్వరూప స్టూలు వేసినా కూర్చోలేదు.

"అన్నా, నేను లొల్లి చెయ్య రాలే. ఒక్క ముచ్చట అడిగి పోత. ఆ పొద్దు మీ బండి యాడ నిలవడ్డది? బండి వచ్చింది, రోడ్డు దిక్కు చూడుండ్రని మేడం చెప్పింది. మా తమ్ముడు అటు ఉరికిండు, ఇటు ఉరికిండు. యాడ కనవడలే. మీకు తొవ్వ దొరకలేదేమో అని, వాడే లేపి రోడ్డుకు తెచ్చిండు. ఇప్పుడు దవాఖానల డాక్టరు, లేపుడే తప్పు, కాళ్లు వస్తయో రావో చెప్పలేం అంటుండు. గప్పటిసంది మా తమ్ముడు బువ్వ తింటలేడు. బావ కాళ్లు నేనే తీసిన అని ఒక్కటే ఏడ్సుడు. మీ బండి చెట్ల చాటుకో ఏడనో ఉండెనని చెప్తే, కనవడకపోవుడు నీ తప్పు గాదురా అని వానికి చెప్పుకుంట."

అవునమ్మా, చెట్ల చాటునే ఉంది అంటే సరిపోయేది. అబద్ధమే అయినా ఆమె అడిగింది అదే. ఉద్యోగం నిలబడేది, ఆమె కూడా దండం పెట్టి వెళ్లిపోయేది. భిక్షపతి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"చెల్లె, బండి యాడ లేదు. రాలే. రాకముందుకే వచ్చినట్టు నేనే ఒత్తిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఎందుకు ఒత్తాడో, ఎక్కడ ఒత్తాడో అతను నన్ను చూపిస్తూ చెప్పాడు. స్వరూప ఏడుస్తోంది. అండాలు తిట్టలేదు, కొట్టలేదు. కొంగు ముడి విప్పి ఫోన్ తీసి తమ్ముడికి కలిపి, అందరికీ వినబడేలా పెట్టి, భిక్షపతి ముఖం ముందు పట్టుకుంది.

"నాకు గాదు. గిదే మాట వానికి చెప్పు."

భిక్షపతి మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. ఈసారి ఆ పెద్ద గొంతు సగానికి తగ్గింది. తర్వాత లింగస్వామి అడిగాడు.

"ఇంకెంతసేపు ఆగితే వచ్చేటోళ్లు?"

భిక్షపతి నన్ను తెరిచాడు. రెండో ఫోన్ తొమ్మిదీ అయిదుకు వెళ్లింది. నా లోపలి చుక్క తాటివనంలో ఆగింది తొమ్మిదీ పదిహేడుకు.

"పన్నెండు నిమిషాలు, తమ్మీ."

"బావ ఆగుదామనే అన్నడు" అన్నాడు లింగస్వామి. "వచ్చిన్రట నడువని నేనే లేపిన."

ఆ తర్వాత వినబడింది ఏడుపే. అండాలు ఫోన్‌ను తన నోటి దగ్గరికి తీసుకుంది.

"విన్నవా? గిప్పుడన్న బువ్వ తిను."

ఆమె వెళ్లాక భిక్షపతి ఆ కేసు తెరిచి 'చేరాం' బటన్ మీద మళ్లీ మళ్లీ ఒత్తాడు. ఒకసారి ఒత్తినదాన్ని వెనక్కి తీసుకునే బటన్ నాలో పెట్టలేదు. జరిగిందంతా కాగితం మీద రాసి ఆఫీసుకు పంపాడు. రికార్డు ఇంత బాగుంటే మీరెందుకు ఇలా రాశారని ఆఫీసు అడిగింది. తర్వాత అతన్ని బండి దించేశారు. ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఉప్పలయ్య లేచాడో లేదో కూడా తెలియదు, మా దగ్గర 'దించాం' తర్వాత ఇంకేమీ రాదు.

కొత్త పలకలు వచ్చాయని నన్ను ఇక్కడికి పంపారు. నాలో ఉన్నదంతా రేపు తుడిచేస్తారట, చూసిపోవడానికి నిన్న ఒక గుమాస్తా వచ్చాడు. సరదాకు పాత కేసులు తిరగేస్తూ ఒక చోట ఆగి, పక్కతనికి నన్ను చూపించాడు.

"చెలిమెకుంటకు పద్దెనిమిది నిమిషాలే అట! ఎవడోగని గట్టి పైలట్ ఉన్నడు."