కూర్చున్న అమ్మ

గిన్నెల కంపెనీకి మదర్స్ డే ప్రకటనలు ఇరవై ఆరేళ్లుగా నేనే రాస్తున్నాను. ఈ ఏడు వాళ్లు ముందే కుండబద్దలు కొట్టారు: నచ్చితే సరే, లేకపోతే వచ్చే ఏడాది నుంచి వేరే యాడ్ ఏజెన్సీ. ఆ పని పోతే నా ఉద్యోగమూ పోతుందని మా కొత్త మేనేజర్ నవ్వుతూనే చెప్పాడు. ఒకచోట కాలు నిలవని మనిషి. చాటుగా అందరం అతన్ని తొందర సారు అంటాం.

"ఇప్పటి అమ్మని చూపించాలి మేడమ్. ఒక చేతిలో ల్యాప్‌టాప్, చంకలో పిల్ల, పొయ్యి మీద మన కుక్కర్. అదిరిపోతుంది!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. బీరువాలోంచి పాత ప్రకటనల ఫైలు తీసి అతని బల్ల మీద పరిచాను. మొదటి ఏడాది ఫొటోలో అమ్మ గరిటె పట్టుకుని నవ్వుతోంది. 'అమ్మ చేతి రుచికి మా గిన్నె తోడు' అని రాసి తెగ మురిసిపోయింది నేనే. పదేళ్ల తరవాత ఆవిడ భుజానికి ఆఫీసు సంచి తగిలించాం, గరిటె మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంకొన్నాళ్లకి పరుగెత్తే బూట్లు తొడిగాం. నిరుడు నాన్నని వంటింట్లోకి తెచ్చాం, పాపం ఆయనకి ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆవిడే చూపిస్తోంది.

"అన్నిట్లోనూ మారనిది ఒకటుంది. ఏంటో చెప్పండి చూద్దాం."

"నవ్వా?"

"నిలబడటం. ఇరవై ఆరు ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా ఆవిడకి కుర్చీ వెయ్యలేదు. బుద్ధి లేక వెయ్యనిది నేనే. ఈసారి కూర్చోబెడుతున్నాను."

ఫొటో తీసే రోజు అమ్మ వేషానికి వచ్చినామెను కుర్చీలో కూర్చోబెట్టాను. అంతే, ఎవరి చేతులూ ఊరుకోలేదు. సామాన్లు అమర్చే అమ్మాయి అలవాటుగా గరిటె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. లాక్కున్నాను. "చేతులు బోసిగా ఉన్నాయి, కనీసం ఒక పళ్లెమైనా..." అని ఫొటోగ్రాఫర్ నసిగాడు. కుదరదన్నాను. ఇంతలో తొందర సారు, "అమ్మా, కాస్త లేచి ఆ కుక్కర్ ఇటు జరుపుతారా?" అని అడిగాడు. ఆమె లేవబోయింది కూడా!

"కూర్చోండి!" అని నేను అరిచిన అరుపుకి లైటు పట్టుకున్నతను ఉలిక్కిపడ్డాడు. కుక్కర్ నేనే జరిపాను.

వారం తరవాత కంపెనీ యజమాని ఆ ఫొటో చూసి పెదవి విరిచాడు.

"ఏం చేస్తోందీవిడ?"

"ఏమీ చెయ్యట్లేదండి."

"మన కుక్కర్ ఏమో ఎక్కడో మూలనుంది."

"మార్చేద్దామండి, ఎంతసేపు!" అన్నాడు తొందర సారు.

"మార్చను," అన్నాను. ఇంత గట్టి ప్రకటన నేను ఇన్నేళ్లలో చెయ్యలేదని నాకు తెలుసు.

యజమాని పక్కన ఆయన తల్లి కూర్చుని ఉంది. ఆ కంపెనీని మొదలుపెట్టింది ఆవిడే. కళ్లజోడు పెట్టుకుని, ఫొటోని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"ఇది తీస్తున్నంతసేపూ ఈ పిల్లని ఎవరూ లేపలేదు కదమ్మా?" అని నన్నడిగింది.

"లేపబోయారండి. నేను లేవనివ్వలేదు."

పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది.

"ఇదే వెయ్యరా," అంది.