ప్రతి అతుకూ నాదే

మేనమామ ఆ పాత మోటారుసైకిలుని తోసుకుంటూ షెడ్డు ముందుకొచ్చేసరికి రెంచమ్మ ఒక స్కూటరు కార్బురేటర్‌ని పెట్రోల్లో కడుగుతోంది. ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. తండ్రి పోయాక షెడ్డు మూతపడుతుందనుకున్నవాళ్ళకి, తలుపులు బార్లా తీసి రెంచీ పట్టుకున్న ఆడమనిషి కొన్నాళ్ళు వింతే అయింది. వింత పోయింది, పేరు ఉండిపోయింది.

ఆమె తలెత్తి ముందు బండిని చూసింది, తర్వాతే మనిషిని.

"ఏం అమ్మాయ్, బాగున్నావా?" అన్నాడు మేనమామ, నడుం మీద చెయ్యేసుకుని నిలబడుతూ.

"ఏం కావాలి మీకు?"

చిన్నప్పుడు ఆయన్ని 'నువ్వు' అనేది. భుజాలెక్కి వీధంతా తిరిగేది. 'మీరు' అనడం మొదలుపెట్టి పదేళ్ళయింది. ఆ తేడా ఆయనకి తెలిసిందో లేదో గానీ, తెలియనట్టే నవ్వాడు.

"వెన్నులో డిస్కు జారిందమ్మా. కుదుపులు తగిలితే మంచమే గతి అన్నాడు డాక్టరు. దీనికేమో వెనక షాకులు లేవాయె. గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ నేరుగా వెన్నులోకే. ఈసారి పాత బండ్ల ప్రదర్శనకి కొత్త రూలొకటి పెట్టారు, ముందు అరవై కిలోమీటర్లు ఓనరే నడిపి చూపించాలట. అందుకని వెనక భాగం కోసేసి, స్వింగ్ ఆర్మూ రెండు షాకులూ పెట్టెయ్."

అది డెబ్భై ఏళ్ళ నాటి బండి. ఆ కాలం బండ్లకి వెనక చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉండేది. సీటు కింద రెండు స్ప్రింగులు తప్ప రోడ్డుకీ మనిషికీ మధ్య మెత్తన అనేదే లేదు. చక్రం పైకీ కిందికీ ఊగాలంటే దాన్ని పట్టుకునే ఇనుప చేయి కావాలి. ఆ చేయి పెట్టాలంటే ఫ్రేము వెనక సగం కోసి పారెయ్యాలి.

ఆ వెనక సగమే ఆమె తండ్రి చేసింది.

మూతపడిన పిండిమర గోదాంలో ఆయనకి దొరికినప్పుడు బండికి సీటు వెనక ఏమీ లేదు. ఎనిమిదేళ్ళు పట్టింది. అలాంటి బండే పొరుగూళ్ళో ఒకటుందని తెలిసి, ఐదారుసార్లు వెళ్ళి నేలమీద పడుకుని కొలతలు రాసుకొచ్చాడు. గొట్టాలు వంచి, ఇత్తడి కరిగించి పోసి, ఒక్కొక్క అతుకూ వేశాడు. నచ్చకపోతే ఊడదీసి మళ్ళీ వేశాడు. బండి స్టార్టయిన మూడో వారంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

అప్పుడొచ్చాడు ఈ మేనమామ. "షెడ్డులో తుప్పు పట్టిపోతుందక్కా. నా దగ్గర భద్రంగా ఉంచుతా, బావ లేచాక ఇచ్చేస్తా," అన్నాడు. తోడబుట్టినవాడే కదా అని అమ్మ తాళంచెవి చేతిలో పెట్టింది. చూపించిన కాగితం మీద చదవకుండానే సంతకం కూడా చేసింది. రెండు నెలలకి పేపర్లో మేనమామ ఫొటో వచ్చింది. పక్కన బండి, మెడలో పతకం, కింద ఆయన మాటలు: "ఎనిమిదేళ్ళు కష్టపడ్డాను. ఇందులో ప్రతి అతుకూ నాదే."

తండ్రి ఆ పేపరుని వెలుతురుకి పట్టుకోమన్నాడు. చూశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత నాలుగేళ్ళు బతికాడు గానీ బండి ఊసెత్తలేదు. ఆయన పోయిన రోజు మేనమామ ఆ బండి మీదే వచ్చి, గుమ్మం ముందు ఆపి, చుట్టూ మూగినవాళ్ళకి ఏ ఏడాది మోడలో చెబుతూ నిలబడ్డాడు. శవం లోపలే ఉంది.

ఇవన్నీ ఆమెకి గుర్తుచేసుకోవలసిన పని లేదు. మండుతూనే ఉన్నాయి.

"ప్రదర్శన రూల్సు చదివారా?" అని అడిగింది.

"పదేళ్ళుగా గెలుస్తున్నవాణ్ణి, నాకు నువ్వు చెబుతావా రూల్సు?" అన్నాడాయన. "అదే కంపెనీ తర్వాత తెచ్చిన బండ్లకి షాకులున్నాయి కదా. పైన రంగేస్తే ఎవడికి తెలుస్తుంది? వేరేవాళ్ళ చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. బావ చెయ్యి నీకొచ్చింది."

బావ చెయ్యి అన్న మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి జారిందో చూసి ఆమె పళ్ళు బిగించింది. "మీరే కొయ్యమంటున్నారని రాసివ్వండి," అంది. ఆయన నిలబడే రాసిచ్చి ఆటో ఎక్కాడు.

మూడు రోజులు బండి స్టాండు మీదే ఉంది.

కొయ్యకుండా ఆయన నడుం కాపాడే దారి ఆమెకి తెలుసు. సీటు స్ప్రింగులు మార్చి, వెనక కాస్త లావు టైరు వేసి గాలి తగ్గిస్తే సగం కుదుపు చచ్చిపోతుంది. పది నిమిషాల్లో చెప్పే సంగతి. చెప్పలేదు. కోస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఆయన పోటీచేసే 'ఒరిజినల్' విభాగంలో పోయిన భాగాన్ని పాత కొలతలతో తిరిగి కట్టొచ్చు గానీ, రూపం మారేలా ఫ్రేము కోసిన బండిని లోపలికి రానివ్వరు, ఆ ఏడాదికే కాదు, ఎప్పటికీ. వెల్డింగు కాస్త లోపలికి దిగకుండా పైపైన వేస్తే ఏ లోయ మలుపులోనో ఏం జరుగుతుందన్న ఊహ కూడా ఒకసారి వచ్చింది. దాన్ని అక్కడే తుంచేసింది. ఆయన వెన్ను విరగ్గొట్టాలని లేదు, పేరు విరగ్గొట్టాలి.

కానీ రంపం తీసుకుని కూర్చున్న ప్రతిసారీ చెయ్యి ఆ ఇత్తడి అతుకుల మీదికి పోయేది. వాటిని తడిమి, రంపం పక్కన పెట్టి, ఇంకేదో స్కూటరు విప్పేది.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ వెనకింట్లోంచి గోడ పట్టుకుని నడిచొచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆ పది అడుగులూ ఆవిడకి ప్రయాణమే. బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని బండిని చాలాసేపు చూసింది.

"ఇదేగా మూడుసార్లు ఊడదీసి వేసింది?" అంది, యాక్సిలు దగ్గరి అతుకు మీద వేలు పెట్టి.

"అదే."

"కోస్తే వాడికేమవుతుంది?"

"తీసేస్తారు. ఇంకెప్పుడూ రానివ్వరు."

"కొయ్యకపోతే?"

"మళ్ళీ గెలుస్తాడు. మళ్ళీ పేపర్లో పడతాడు."

అమ్మ కొంగుతో వేలికంటిన గ్రీజు తుడుచుకుంది. "మరి దేనికి ఆగావు?"

"నాన్న చేసింది కదమ్మా. చేతులు రావట్లేదు."

"ఆయన చేసింది ఆయన దగ్గర్నించి ఎప్పుడో పోయింది. పోగొట్టింది నేను. తాళంచెవి ఈ చేత్తోనే ఇచ్చా. పదేళ్ళ నుంచి ఈ చేత్తోనే అన్నం తింటున్నా." ఆవిడ గొంతు పెంచలేదు. "రంపం పట్టుకోవడం నీవల్ల కాకపోతే నాకియ్యి. ఎలా కొయ్యాలో చెప్పు, కూర్చుని కోస్తా."

రెంచమ్మ లేచి బ్లేడు బిగించింది.

మూడు బ్లేడ్లు విరిగాయి. గొట్టం తెగి కిందపడ్డాక అతుకు లోపలివైపు చూసింది. ఇత్తడి చుట్టూ ఒకే మందాన పాకి ఉంది, ఎక్కడా బుడగ లేదు, ఖాళీ లేదు. ఎవరి కంటికీ కనిపించని చోట కూడా ఆయన అంత శుభ్రంగా చేశాడు. ఆమె ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మ చెక్కపెట్టె మీంచి కదల్లేదు. కాసేపటికి ఆమె లేచి మిగతా మూడు చోట్లా కోసేసింది.

కొత్త పని మాత్రం ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేసింది. స్వింగ్ ఆర్ము వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. షాకులు ఆయన బరువుకి సరిపోయేవి వెతికి తెచ్చింది. వెల్డింగుని అరగదీసి నున్నగా చెయ్యలేదు, మాయచేసి దాచలేదు. ఉన్నదున్నట్టు వదిలి, పైన నల్లరంగు వేసింది.

మేనమామ వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చి, "పరుపు మీద కూర్చున్నట్టుందే!" అన్నాడు. ఆ ముఖంలో సంతోషాన్ని ఆమె తనివితీరా చూసింది.

ప్రదర్శన రోజు షెడ్డుకి తాళం వేసి వెళ్ళింది. అమ్మ కూడా వస్తానంది గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు. మైదానంలో బండ్లన్నీ వరసగా నిలబెట్టారు. మేనమామ అరవై కిలోమీటర్లూ నడిపి, నడుం నిటారుగా పెట్టుకుని దిగి, పదిమందికీ చెయ్యూపాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

బండ్లు పరీక్షించేది రిటైరైన ఇంజినీరు ఒకాయన. ఒక చేతిలో అద్దం, ఒక చేతిలో చిన్న టార్చి. బండి వెనక గొంతుక్కూర్చుని అద్దం కిందికి పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. లేచాడు.

"ఫ్రేము కోశారేంటండీ?"

"ఆ కంపెనీవాళ్ళే షాకులు పెట్టారు కదండీ," అన్నాడు మేనమామ, నవ్వు చెరగకుండానే.

"పెట్టింది తర్వాతి మోడలుకి. దీనికి కాదు." ఇంజినీరు ఫైలు తెరిచాడు. "ఫ్రేము రూపం మార్చలేదని ఫారం మీద సంతకం పెట్టారు. పదేళ్ళుగా ప్రతిసారీ ఇంకోటి కూడా రాస్తున్నారు, ప్రతి అతుకూ నా చేత్తోనే వేశాను అని. మరి ఈ వెల్డింగు కూడా మీదేనా?"

చుట్టూ జనం మూగారు. మిగతా బండ్లవాళ్ళు కూడా దగ్గరికొచ్చారు. నాదే అంటే తెలిసి కోసి అబద్ధం రాసినట్టు. మేనమామ కళ్ళు అటూఇటూ పరిగెత్తాయి. వెనకవరసలో నిలబడిన మేనకోడలి మీద పడ్డాయి.

"అయ్యో, నాది కాదండీ! అదిగో, అదే చేసింది! నాకసలు వెల్డింగే రాదు!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇంజినీరు కళ్ళజోడు తీశాడు. "వెల్డింగు రాదా? మరి పాత అతుకులెవరివి?"

రెంచమ్మ జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. ఆ మాట ఆయన నోటితోనే రావాలి. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి చూస్తూ ఉంది.

మేనమామ చొక్కా కాలరు సర్దుకున్నాడు. మెడ మీద చెమట కారుతోంది.

"మా బావవి," అన్నాడు చివరికి.

"గట్టిగా చెప్పండి, నేను రాసుకోవాలి."

"మా బావ చేశాడండీ! ఆయనే చేశాడు!"

ఇంజినీరు రాసుకున్నాడు. పాత పతకాల సంగతి సంఘం కూర్చుని తేలుస్తుందన్నాడు. బండిని వరసలోంచి పక్కకి తోయించారు. మేనమామ ఆమె దగ్గరికొచ్చి, "కావాలనే చేశావు కదే? నీకు తెలిసే చేశావు!" అని పళ్ళు కొరికాడు.

"రూల్సు చదివారా అని అడిగాను మావయ్యా," అందామె. "కొయ్యమని రాసిచ్చింది నువ్వే."

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. కూతురు చెప్పులు విప్పకముందే, "ఏమైంది?" అంది. మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంది. అద్దం దగ్గరా, ఫైలు దగ్గరా ఓపిగ్గా విన్నది.

"ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు. వాడు అన్నట్టే చెప్పు."

"నాకసలు వెల్డింగే రాదు అన్నాడు."

అమ్మ నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగేంతగా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది.

"ఆ తర్వాత?"

"మా బావ చేశాడండీ అన్నాడు. గట్టిగా, అందరిముందూ."

ఈసారి అమ్మ నవ్వలేదు. లోపలికి తిరిగి, తండ్రి నాలుగేళ్ళు పడుకున్న మంచం వైపు చూసింది. ఆ మంచం మీద ఇప్పుడు ఉతికిన బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

"ఇంకోసారి చెప్పు," అంది.