తల్లులకు వెనక గుమ్మం

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదవండి. చెయ్యి కూడా నిదానమే. ఈ కథ మొదలుపెట్టినప్పుడు దుప్పటి కప్పుకుని ఉన్నాను, ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది.

మా వీధిలో ఇస్త్రీ కొట్టు ఒక అత్తా కోడలూ నడిపేవాళ్లు. అత్త బట్టలకి నీళ్లు చల్లి, దులిపి, బల్ల మీద పరిస్తే కోడలు పెట్టె నడిపేది. అత్తని అందరూ పెద్ద ఇస్త్రీ అనీ, కోడలిని చిన్న ఇస్త్రీ అనీ పిలిచేవాళ్లు. కోడలి మొగుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. అందుకని ఇంట్లో మాటంతా అత్తదే. కోడలు మాట్లాడాల్సినవి కూడా అత్తే మాట్లాడేసేది. వాళ్లిద్దరి మధ్యా మాసిన బట్టల మూట మీద కూర్చుని రోజంతా నవ్వే ఎనిమిదేళ్ల పిల్లకి నవ్వులు అని పేరు పడిపోయింది.

నవ్వులుకి నిన్న నేర్పింది ఇవాళ ఉండేది కాదు. గుండీలు పెట్టుకోవడం వచ్చినట్టే వచ్చి, రెండురోజులు సెలవిస్తే మళ్లీ మొదటికొచ్చేది. మెట్లు దిగి, చెప్పులేసుకుని, గేటు దగ్గర నిలబడు అంటే మెట్లు దిగేది. మిగిలిన రెండూ గాలికి పోయేవి. పిల్లలు గోల చేస్తే చెవులు మూసుకుని బెంచీ కింద దూరేది. బడి హెడ్మాస్టరమ్మ దీన్నంతా కలిపి మొండితనం అంది. పరీక్షలు అయిపోయాక పిల్లని తీసుకెళ్లిపోండి, మా బడిలో కుదరదు అంది. వేరే బడి ఎక్కడుందని చిన్న ఇస్త్రీ అడిగితే, అది మీరు చూసుకోవాలి అని గంట కొట్టించింది.

ఆ రోజుల్లోనే మా పేట ఆస్పత్రికి పరిశోధన వాళ్లు వచ్చారు. మూడు దేశాల డాక్టర్లు కలిసి చేస్తున్న పని అది. బిడ్డ కడుపులో ఉండగా తల్లి తాగిన బీరూ సారాయీ బిడ్డ మెదడుని ఏం చేస్తాయి, అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్లకి చదువు ఎలా చెప్తే తలకెక్కుతుంది అన్నది వాళ్లకి కావాలి. అందుకని బడిలో నవ్వులు తరగతినంతా వరసగా చూశారు. వాళ్లతో పనిచేసే నర్సు మా పేట పిల్లే కాబట్టి ఏది ఎందుకో ఆమె విడమరిచి చెప్పేది.

పైదేశం నుంచి వచ్చిన పొడుగాటి డాక్టరు చేతిలో గాజులా కనిపించే చిన్న స్కేలు ఉండేది. దాంతో కన్ను ఈ మూల నుంచి ఆ మూల దాకా కొలిచేవాడు. ముక్కు కింద ఉండే గాడి లోతుగా ఉందా, చదునుగా ఉందా చూసేవాడు. పైపెదవి మందం చూసేవాడు. తాగుడు తగిలిన పిల్లల్లో కొందరికి ముఖంలో ఆ గుర్తులుంటాయట. వీధి వెంటనే ఆయనకి స్కేలు డాక్టరు అని పేరు పెట్టేసింది. ఆయన కొలిచింది ఇంకో డాక్టరుకి చెప్పేవాడు కాదు. ఆమె వచ్చి మళ్లీ మొదటినుంచీ కొలిచేది. ఆ పైన ఒక ఫోటో తీసి మూడో దేశానికి పంపితే, పిల్లని ఎప్పుడూ చూడనివాళ్లు చూసి చెప్పేవాళ్లు. ఒకరి కన్ను ఇంకొకరి కంటిని మోసం చెయ్యకూడదని అలా పెట్టుకున్నారు.

ఆ ఫోటో దగ్గర నవ్వులు మూడు దేశాలనీ ఆపేసింది. ఫోటోలో పెదాలు మూసి ఉండాలి, నవ్వకూడదు. నవ్వితే పెదవి సాగిపోతుంది, గాడి మాయమైపోతుంది. ఏడ్చే పిల్లల్ని నవ్వించడానికి వాళ్లు పెట్టెడు బొమ్మలు తెచ్చుకున్నారు గానీ, నవ్వే పిల్లని ఆపడానికి ఏమీ తెచ్చుకోలేదు. కొలతకోసం నుదుటి మీద అంటించిన గుండ్రటి కాగితం బిళ్లని నవ్వులు పీకి వాళ్ల నాయనమ్మ ముక్కు మీద అంటించింది. స్కేలు డాక్టరే నవ్వేశాడు. చివరికి పైన ఫ్యాను ఆగి, మళ్లీ మెల్లగా తిరగడం మొదలుపెట్టినప్పుడు నవ్వులు నోరు మూసుకుని దాన్నే చూసింది. అప్పుడు తీశారు.

కొన్నాళ్లకి నర్సు కొట్టుకొచ్చి చిన్న ఇస్త్రీని పక్కకి పిలిచింది. ముఖంలో గుర్తులు కొన్ని ఉన్నాయట, కొన్ని లేవట. చదువుకీ జ్ఞాపకానికీ పెట్టిన పరీక్షలు మాత్రం ఇదే కావచ్చంటున్నాయట. ముఖంలో గుర్తులన్నీ ఉంటే తల్లిని అడక్కుండానే తేల్చేవాళ్లు. ఇలా సగం సగం ఉన్నప్పుడు కడుపుతో ఉండగా తాగానని తల్లి చెప్తేనే తేలుతుంది. తేలితే పిల్లని అదే తరగతిలో ఉంచి, పక్కన ఇంకో టీచరుని పెట్టి నేర్పించడానికి బడుల ఆఫీసు ఒప్పుకుంది. తేలకపోతే నవ్వులు మొండిపిల్లగానే మిగిలి, పరీక్షలవగానే బయటికి పోతుంది.

అయితే తల్లులెవరూ చెప్పడానికి వెళ్లడం లేదు. దానికి కారణం గుమ్మం.

తల్లుల గుట్టు బయటపడకూడదని మూడు దేశాల వాళ్లూ కూర్చుని ఆలోచించి, మాట్లాడే గదిని ఆస్పత్రి వెనకవైపు పెట్టారు. సందులోంచి వచ్చి, బట్టలుతికే కుళాయి పక్కనున్న చిన్న గుమ్మంలోంచి లోపలికి పోవాలి. వరండాలో ఎవరికీ కనబడరు. మంచి మనసుతోనే చేశారు. కానీ ఆ సందులోకి వేరే పనిమీద పోయేవాళ్లు ఎవరూ లేరు. సందు మొదట్లో సెలూన్ ఉంది. సెలూన్ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మొదట వెళ్లిన ఆవిడ బయటికొచ్చేలోపే ఆవిడ తాగుడు సంగతి వీధి చివరికి చేరింది. ఆ పూటనుంచే దానికి తాగుబోతుల గుమ్మం అని పేరు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వాళ్లు పెట్టిన రహస్యం. గదిలో కుర్చీలు ఖాళీ. కంప్యూటరు తెరల మీద మూడు దేశాలూ ఒకదాన్నొకటి చూసుకుని, ఈ పేటలో ఆడవాళ్లు తాగరు కాబోలు అనుకునే దాకా వచ్చాయని నర్సు తల పట్టుకుంది.

చిన్న ఇస్త్రీ తాగింది. నవ్వులు కడుపులో ఉన్నన్నాళ్లూ, పొద్దుగూకాక నల్ల బీరు. అది చేదు. ఆమెకి అస్సలు నచ్చేది కాదు. రక్తం పడుతుంది, పాలు పడతాయి అని పెద్ద ఇస్త్రీ గ్లాసు నిండా పోసి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. తన ఖర్చులు తగ్గించుకుని కోడలికి కొనిపెట్టిన బీరు అది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. స్కేలు డాక్టరు వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం కోడలే ఎత్తింది.

“నేను వెళ్లి చెప్తాను అత్తయ్యా.”

పెద్ద ఇస్త్రీ నీళ్లు చల్లడం ఆపలేదు. తాగిన ఆడదాని చేతికి బట్టలెవరిస్తారని అడిగింది. వీధిలో తలెత్తుకోగలమా అంది. పిల్లకి మొండి అన్న పేరు చాలదా, తాగుబోతు కూతురన్న పేరు కూడా కావాలా, పులి మీద పుట్రలాగా అంది. కోడలు అన్నీ విని, కాలర్ మడిచి, పెట్టె పక్కన పెట్టింది.

“దానికి బడి లేకుండా పోతుంది. ఇక్కడ మూట మీద కూర్చుని ఎన్నాళ్లు నవ్వుతుంది?”

అత్త నీళ్ల చెంబు కింద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, “ఎవరు పోశారని అడిగితే ఏం చెప్తావు?” అంది.

“అది అడగరట. నర్సు చెప్పింది. ఎంత తాగావు, ఎప్పుడు తాగావు, అంతే. పోసినవాళ్ల గురించి ప్రశ్నే లేదు. మీరు భయపడకండి.”

అభయం ఇద్దామని అంది కోడలు. కానీ ఆ మాట అత్తకి ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మారు మాట్లాడకుండా లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్న, షుగరు పరీక్షల వాళ్లతో వరండా కిటకిటలాడుతున్న వేళ, చిన్న ఇస్త్రీ ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. సందు దగ్గరికి రాగానే సెలూన్ ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. లోపల కుర్చీలో మనిషికి సగం ముఖం నురగే. ఆమె సందు వైపు తిరగలేదు. తిన్నగా ముందు మెట్లెక్కింది.

నర్సు గాబరాగా ఎదురొచ్చి, వెనకనుంచి రా అక్కా, ఇక్కడ అందరూ ఉన్నారు అని చెవిలో చెప్పింది.

“నేనేం దొంగతనం చేశానని దొడ్డిదారిన రావాలి?” అంది చిన్న ఇస్త్రీ. ఆమె గొంతు అంత దూరం వినబడుతుందని ఆ వీధికి అప్పటిదాకా తెలియదు.

బల్ల మీద కూర్చున్న ఒక ముసలావిడ, డాక్టరుగారి కోట్లు ఇవ్వడానికొచ్చావేమోలే అని ముసిముసిగా నవ్వింది.

“కాదు పెద్దమ్మా. నవ్వులు కడుపులో ఉండగా నేను బీరు తాగాను. అది చెప్పడానికొచ్చాను. మీరంతా విన్నారుగా. ఇక సెలూన్ అన్నకి ఇల్లిల్లూ తిరిగే శ్రమ తప్పింది.”

గుసగుసలాడటానికి ఏమీ మిగలకపోయేసరికి ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ముసలావిడ తన చీటీ తిప్పి తిప్పి చూసుకుంది. రహస్యంగా ఉంచడం మా బాధ్యత అని నర్సు నీళ్లు నములుతుంటే, నా గుట్టు నాది, దాచాలో వద్దో నేను చెప్పాలి అంది చిన్న ఇస్త్రీ. ఆ మాట ఆమె అరవలేదు. మామూలుగానే అంది.

ఆమె వెనక మెట్ల మీద తడికాళ్ల చప్పుడైంది. పెద్ద ఇస్త్రీ. చేతులింకా తుడుచుకోలేదు. కొట్టు ఎవరికీ అప్పజెప్పకుండా వచ్చేసింది. స్కేలు డాక్టరు అప్పుడే గదిలోంచి బయటికొచ్చాడు. ఆమె కోడలిని దాటుకుని పోయి ఆయన ముందు నిలబడి, నర్సుతో అంది.

“ఈయనకి చెప్పు. దాన్నొక్కదాన్నే అడిగితే సగమే తెలుస్తుంది. పోసింది నేను. రక్తం పడుతుందని పోశాను. నాకు మా అత్త పోసింది.” అని వరండా వైపు తిరిగింది. “మీకెవరికీ పోయలేదా? మీరెవరూ పోయలేదా? చెప్పండి, వింటాను.”

 గుమ్మడికాయ దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆ వరండాలో చాలామంది కొంగులు సర్దుకున్నారు.

నర్సు డాక్టరుకి ఆయన భాషలో చెప్పింది. ఆయన, ఆ ప్రశ్న మా కాగితంలో లేదు, ఉండాల్సింది అన్నాడట. రెండో కుర్చీ తెప్పించాడు. అత్తా కోడళ్లు గదిలోకి పక్కపక్కనే వెళ్లారు. చాలాసేపు మాట్లాడారు. బయటికొచ్చాక పెద్ద ఇస్త్రీ కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, సెలూన్ ముందునుంచి పోతూ మాత్రం ఆగి, “ఆ సగం గడ్డం గీసెయ్యి నాయనా, నురగ ఎండిపోతోంది” అని మరీ పోయింది.

ఆ తర్వాత మూడు దేశాలూ తెరల మీద గట్టిగానే వాదించుకున్నాయట. పని మధ్యలో ప్రశ్నలు మారిస్తే లెక్కలు చెడతాయని ఒకరు, మా దేశంలోనూ అత్తలే పోస్తారు, మేమూ అడగలేదు అని ఇంకొకరు. పాత ప్రశ్నలు అలాగే ఉంచి, చివర కొత్తది చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. వెనక గుమ్మానికి మాత్రం తాళం పడింది. తాగని తల్లుల మాటా వాళ్లకి కావాలి కదా. తాగినవాళ్లూ, తాగనివాళ్లూ అందరూ ముందు మెట్లే ఎక్కితే, ఎవరు ఎందుకొచ్చారో సెలూన్ ఆయనకి ఎలా తెలుస్తుంది?

కొట్టుకి కొంతమంది బట్టలు ఇవ్వడం మానేశారు. అబద్ధమెందుకు, మొదట్లో దెబ్బ తగిలింది. రెండో వీధి కొట్టువాడు నాలుగు కాలర్లు మాడ్చాక వాళ్లలో కొందరు తలొంచుకుని తిరిగొచ్చారు. పెద్ద ఇస్త్రీ వాళ్లనేమీ అనలేదు. ఊరికే ముఖంలోకి చూసింది. అది పడటం ఇంకా కష్టం.

పరీక్షల ముందు హెడ్మాస్టరమ్మ కబురు పెట్టింది. పరిశోధన వాళ్ల కాగితాలు ఆమె బల్ల మీదున్నాయి. అత్తని గుమ్మం దగ్గర ఉండమని చెప్పి కోడలు ఒక్కతే లోపలికెళ్లింది. హెడ్మాస్టరమ్మ మొదటి పేజీ చదివి, కళ్లజోడు తీసి, “అయితే తప్పు తల్లిదే అన్నమాట” అంది.

గుమ్మం దగ్గర అత్త నోరు తెరిచింది. కోడలు వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి ఆపింది.

“తప్పెవరిదో తేల్చడానికి వాళ్లు రాలేదు టీచరమ్మా. పిల్లకి ఎలా చెప్పాలో తేల్చడానికొచ్చారు. రెండో పేజీ తిప్పండి.”

హెడ్మాస్టరమ్మ కదల్లేదు. చిన్న ఇస్త్రీ కూడా కదల్లేదు. బల్ల మీద గంట ఉంది గానీ హెడ్మాస్టరమ్మ దాన్ని ముట్టుకోలేదు. చివరికి పేజీ తిప్పింది. ఒక్కసారి ఒక్క మాటే చెప్పాలి, అది అయ్యాకే ఇంకోటి, గోలకి దూరంగా కూర్చోబెట్టాలి, మర్చిపోతే కోప్పడకుండా మళ్లీ మొదటినుంచి చెప్పాలి అని ఉంది అందులో. నవ్వులు ఆ తరగతిలోనే ఉంటుందని కింద ఆఫీసు ముద్ర కూడా ఉంది.

ఇప్పుడు బడి వదిలే వేళకి కొత్త టీచరమ్మ గొంతు నా కిటికీ దాకా వస్తుంది. మెట్లు దిగు అంటుంది. ఆగుతుంది. చెప్పులేసుకో అంటుంది. ఆగుతుంది. కొన్ని రోజులు చెప్పులు ఎడమది కుడికాలికి ఉంటాయి. కొన్ని రోజులు మళ్లీ మొదటికే. అయినా గేటు దగ్గర నిలబడి నవ్వుతూ ఉంటుంది పిల్ల, తన తరగతి పిల్లలందరితో పాటు.

ఇట్లు,
వీధిలో అందరూ కిటికీ అవ్వ అని పిలిచే నేను. వయసు అరవై ఎనిమిది. మా ఆయన పోయాక ఇప్పుడు ఉంటున్నది సెలూన్ మీద గదిలో, సందూ ఆస్పత్రి మెట్లూ రెండూ కనబడే వైపు.