రెండు దెబ్బల తర్వాత

పదహారో చుట్టు దగ్గర ఆ వాల్వు ఎప్పుడూ మూలుగుతుంది. ఆ రోజూ మూలిగింది. నీళ్లాయన వాల్వు తిప్పే పొడుగాటి ఇనప తాళం అడ్డకడ్డీకి ఛాతీ ఆనించి, మోకాళ్లు కాస్త వంచి, ఇంకో రెండు చుట్లు తిప్పాడు. పద్దెనిమిది. గుంట అడుగున నీళ్లు కదిలాయి. ముందు బురదలో ఎవరో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నట్టు వినిపించి, తర్వాత ఆ చప్పుడు సన్నబడి, పైపు వెంట దిగువ వీధికి వెళ్లిపోయింది.

ఇక పదకొండు నిమిషాలు. వీధి చివరింటికి నీళ్లు చేరడానికి అంత పడుతుంది. ఆ చివరిల్లు ఆయనదే.

తెల్లవారింది గానీ ఎండ ఇంకా నీళ్ల ట్యాంకు కాళ్ల దాకా దిగలేదు. ఆయన గుంట అంచున కూర్చుని, మూరన్నర పొడవున్న సన్నటి కడ్డీని చొక్కా అంచుతో తుడిచి, ఒక కొన వాల్వు తల మీద ఆనించాడు. రెండో కొనకు చెవిలో ఇమిడే చెక్క బుడిపె ఉంది. ఏళ్ల తరబడి చెవి రాపిడికి నున్నగా నల్లబడింది. పైపు భూమిలో ఎక్కడ కారుతున్నా ఆ కడ్డీతో కనిపెట్టి, సున్నంతో గీత గీసి, ఇక్కడ తవ్వండి అంటాడు. తవ్విన చోట తడి తగలని రోజు లేదు. ఆయనకు పేరంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

ఎదురుగా టీ కొట్టాయన పొయ్యి రాజేస్తూ, రోజూ వేసే జోకే వేశాడు. ఏం డాక్టరుగారూ, భూమికి ఎలా ఉంది ఇవాళ అని. ఇదివరకైతే, నీ టీ తాగలేదు కాబట్టి బతికే ఉంది అని నీళ్లాయన బదులిచ్చేవాడు. మూడు వారాలుగా బదులు లేదు. టీ కొట్టాయన కూడా దాన్ని పట్టించుకోవడం మానేశాడు. గ్లాసు తెచ్చి గుంట పక్కన పెట్టి వెళ్లాడు.

మూడు వారాల కింద ఆయన భార్య తడి దుప్పటి చేతిలో ఉండగానే బట్టలుతికే రాయి దగ్గర పడిపోయింది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, గుండె అన్నాడు. బరువులెత్తకూడదు, ఉలికిపడకూడదు అన్నాడు. మిగతాది వసారాలోకి తీసుకెళ్లి ఆయనకు మాత్రం చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆమె అటు తిరిగి పడుకుని ఉంటే, ఆయన వంగి వీపుకు చెవి ఆనించాడు. గొట్టం లేకపోతేనేం, వినడం తనకూ వచ్చు. లోపల గాలి చేరిన పైపులా ఉంది. రెండు పోట్లు సరిగ్గా పోయి, మూడోది తడబడి, ఖాళీ. అలాంటి పైపు ఎన్నాళ్లుంటుందో ఆయనకు తెలుసు.

ఆమె కళ్లు తెరవకుండానే, “నేనేమన్నా పైపునా?” అంది.

అప్పటినుంచీ ఈ పదకొండు నిమిషాలు ఆయనకు పదకొండు నిమిషాల్లా లేవు. వీధిలో కుక్క మొరిగినా, సైకిల్ గంట మోగినా, వాటి చాటున తనకు రావాల్సిన చప్పుడు తప్పిపోతుందేమోనని రెండో చెవిని వేలితో మూసుకుంటాడు.

ఆ చప్పుడు మొదలైంది ముప్పై ఆరేళ్ల కింద, పెళ్లయిన కొత్తలో. అప్పట్లో ఇంటి చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ఇంత పొద్దున్నే ఆయన డ్యూటీకి వచ్చేస్తే ఆమె ఒక్కతే ఉండాలి. భయమేస్తోందని మూడో రోజే ఏడుపు మొహం పెట్టింది. భయమేస్తే కుళాయి పైపు మీద కొట్టు, నాకు వినిపిస్తుంది అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఆమె నిజమనుకుని, నీళ్లు రాగానే అంచు చిట్లిన ఒక ఇనప గరిటె తీసుకుని పైపు మీద రెండు దెబ్బలు కొట్టింది. కడ్డీ చెవిలో పెట్టుకుని కారే చోటు వెతుక్కుంటున్న కొత్త పెళ్లికొడుకు అదిరిపడ్డాడు. అర మైలు దూరం ఇనుమే మోసుకొచ్చింది దాన్ని. ఆ పూట ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఒక్కడే నవ్వుకున్నాడు. ఎదురైనవాళ్లు ఏంటయ్యా అంటే చెప్పలేదు. గరిటె ఆ తర్వాత వంటింట్లోకి పోలేదు. తీగ కట్టి పైపుకే వేలాడదీసింది.

కూతురు పుట్టి నడక వచ్చాక రెండు దెబ్బలు ఒక్కోసారి ఇరవై అయ్యేవి. గరిటె పిల్ల చేతికి చిక్కిన రోజులవి. చెవికి చిల్లు పడుతోందని ఇంటికెళ్లి కోప్పడబోతే, ఆ పిల్ల ఆయన్ని చూడగానే గరిటె వీపు వెనక దాచేది.

ఏడు నిమిషాలు గడిచాయి.

పిల్లకు ఐదేళ్లప్పుడు, ఇలాంటి పొద్దునే, ఊపిరి అందడం లేదని తల్లి బండిలో వేసుకుని ఆసుపత్రికి బయల్దేరిందని ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పారు. వాల్వు తెరిచి ఉంది. ఆసుపత్రి మిట్ట మీద ఉంది. దిగువ వీధి వాల్వు కట్టేస్తే తప్ప అక్కడికి నీళ్లెక్కవు. కట్టడానికి పావుగంట పడుతుంది. చుట్టు చుట్టుకీ ఆగాలి. నీళ్లు పరుగు మీద ఉన్నప్పుడు దారి ఒక్కసారిగా మూసేస్తే వెనక్కి తిరిగి తంతాయి, పైపు పగులుతుంది. పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పిన మాట అది. ఆ పొద్దున పద్దెనిమిది చుట్లూ ఒక్క బిగువున తిప్పేసి పరుగెత్తాడు. మిల్లు మలుపు దగ్గర భూమి కింద ఏదో పేలినట్టయింది. రోడ్డు కుంగి మోకాటి లోతు నీళ్లు లేచాయి. బండి అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. వెనక్కి తిప్పి గోదాముల చుట్టూ వెళ్లాల్సి వచ్చింది. ఆసుపత్రి మెట్ల దగ్గరికి చేరేసరికి పిల్ల తల్లి ఒడిలోనే పోయింది.

పైపు పాతదని ఆఫీసువాళ్లు రాసుకున్నారు. ఊరంతా అదే అనుకుంది. ఆయన నోరు విప్పలేదు. ఆమె అడగలేదు. ఆ అడగకపోవడం ఇరవై ఏడేళ్లుగా వాళ్ల రెండు కంచాల మధ్య కూర్చుని ఉంది. తెలియక అడగలేదా, తెలిసీ అడగలేదా? అన్నం పెడుతూ ఆమె చెయ్యి కాస్త ఆగినా ఆయన ముద్ద కలపడం ఆపేసేవాడు, ఇవాళ అడుగుతుందేమోనని.

పిల్ల పోయాక ఏడు నెలలు పైపు మూగగా ఉంది. ఎనిమిదో నెలలో ఒక పొద్దున రెండు దెబ్బలు వినిపించాయి. కడ్డీ చెవిలోనే ఉంచుకుని ఆయన ఏడ్చాడు. ఇంకా ఏడుస్తుండగానే, ఒక ఊపిరి తీసి వదిలేంత ఎడం తర్వాత, మూడోది పడింది. మెత్తగా, చిన్న చెయ్యి కొట్టినట్టు. అది ఎవరిదని ఆయన అడగలేదు. అప్పటినుంచీ రోజూ అంతే. రెండు, ఎడం, ఒకటి.

ఆమెకు దేవుడున్నాడు. లేవగానే కళ్లు మూసుకుని రెండు మాటలు చెప్పుకుంటుంది. ఆయన పిల్లతో పాటే ఆ అలవాటును వదిలేశాడు. వినేవాడున్నాడని నీకెవరు చెప్పారే అని ఒకసారి వెటకారం చేశాడు. ఆమె చాటలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

“నేను గరిటెతో కొట్టేటప్పుడు నువ్వు కనిపిస్తావా ఏంటి? కొడతాను. వింటావు.”

“నేను తిరిగి కొట్టను కదా.”

“కొట్టవు. అన్నానికి మాత్రం వస్తావు.”

పదకొండు నిమిషాలు దాటాయి. కడ్డీలో నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. పన్నెండు. బిందె అడ్డంగా ఉందేమో అనుకున్నాడు. చెయ్యి తుడుచుకుంటోందేమో అనుకున్నాడు. పదమూడు. తన గుండె చప్పుడే కడ్డీలోంచి వస్తున్నట్టయి, ఊపిరి బిగబట్టాడు.

టంగ్. టంగ్. టంగ్.

టీ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఎడం ఏది?

మూడు దెబ్బలూ వరుసగా, గోడకు మేకు కొట్టినట్టు, ఒకే బలంతో పడ్డాయి. మూడు అని ఎవరైనా లెక్కపెట్టుకోగలరు. పక్కింటి గోడ మీంచి రోజూ వినేవాళ్లకు మూడే వినిపిస్తాయి. ఆ ఎడం సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. కొట్టింది ఆమె కాదు.

ఇంకోసారి పడుతుందేమోనని చూశాడు. పడలేదు. ఎప్పుడు లేచాడో తెలియదు, తాళం అడ్డకడ్డీ పట్టుకుని ఉన్నాడు. రెండు చుట్లు విసురుగా తిప్పేశాడు. మూడోది తిప్పబోతుండగా అరచేతుల్లో పైపు తన్నింది. చేతులు వాటంతటవే ఆగిపోయాయి. మిల్లు మలుపు కళ్ల ముందుకొచ్చింది.

ఆయన మొహం చూసి టీ కొట్టాయన రోడ్డు దాటి వచ్చాడు. మా ఆవిడకు బాగాలేదు, డాక్టరును తీసుకుని మా ఇంటికి వెళ్లు అన్నాడు నీళ్లాయన. నీకెవరు చెప్పారని అతను అడగలేదు. సైకిల్ తీశాడు.

“నువ్వూ ఎక్కు.”

“కట్టాలి.”

“ఎవడికయ్యా ఇప్పుడు నీళ్లు? పాడుగాను, వదిలేసి రా.”

“డాక్టరు వచ్చేది మిల్లు మలుపు మీదుగానే. నువ్వు పద.”

సైకిల్ వెళ్లిపోయింది. ఆయన ఒక చుట్టు తిప్పి ఆగాడు. లోపల నీళ్లు సర్దుకునేదాకా ఆగాలి. కాళ్లు వీధి వైపు లాగుతున్నాయి, చేతులు గుంట దగ్గరే ఉన్నాయి. ఆరో చుట్టు. ఏడు. నోట్లో లెక్క నడుస్తూనే ఉంది గానీ, పదో చుట్టు దగ్గరికి వచ్చేసరికి అది లెక్కలా లేదు. పది, ఉండనీ. పదకొండు, ఉండనీ. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలియదు. ఇరవై ఏడేళ్లుగా మాట్లాడనివాడితో ఎలా మొదలుపెట్టాలో తెలియక అంకెలతోనే అడుగుతున్నాడు.

పదమూడో చుట్టు దగ్గర ఆగినప్పుడు, పక్కన పడున్న కడ్డీ తీసుకున్నాడు. చెవిలో పెట్టుకోలేదు. తిరగేసి వాల్వు తల మీద కొట్టాడు. రెండు. ఒక ఊపిరి. ఒకటి. ముప్పై ఆరేళ్లలో అదే మొదటిసారి. చెవిలో కడ్డీ లేని మనిషికి ఏం వినిపిస్తుందని ఎన్నడూ కొట్టలేదు.

మిగిలిన ఐదూ ఇంకా నెమ్మదిగా తిప్పాలి. తిప్పాడు. పద్దెనిమిదో చుట్టు బిగిశాక, మిట్ట వైపు పైపులో నీళ్లు ఎక్కుతున్న గుడగుడ వినిపించింది. గుంట మీద మూత వేసి, కాలితో తొక్కి సరిచూసి, అప్పుడు నడిచాడు. పరుగెత్తుదామన్నా మోకాళ్లు సాగలేదు. మిల్లు మలుపు దగ్గర, పాత అతుకు మీద రోడ్డు పొడిగా ఉంది. సైకిల్ చక్రం, డాక్టరు బండి చక్రం అచ్చులు రెండూ దుమ్ములో దాని మీంచి వెళ్లి ఉన్నాయి.

ఇంట్లో డాక్టరు గొట్టం మడిచి సంచిలో పెడుతున్నాడు. ఆయన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. కదిలిస్తే దారిలోనే పోతుంది, ఇక్కడే ఉండనివ్వండి అని మెల్లగా చెప్పి, టీ కొట్టాయనతో కలిసి వాకిట్లోకి వెళ్లాడు. ఆమె వెనక వసారాలో, కుళాయి పైపును ఆనుకున్న గోడ వారన చాప మీద ఉంది. లోపలికి తీసుకెళ్తానంటే వద్దందట. తల దగ్గర, పక్కింట్లో బట్టలు కుట్టే మిషనామె కూర్చుని విసురుతోంది.

ఆయన చాప పక్కన చతికిలబడ్డాడు. చేతులకు గ్రీజు ఉందని ఆమెను ముట్టుకోలేదు. ఆమే వేళ్లు జరిపి ఆయన బొటనవేలు పట్టుకుంది.

“కట్టే వచ్చావా?”

“కట్టే వచ్చాను.”

“మెల్లగానే?”

ఇరవై ఏడేళ్లుగా ఏ ప్రశ్నకు భయపడ్డాడో అది ఇదేనని అర్థమైంది.

“మెల్లగానే. పద్దెనిమిదీ.”

ఆమె తల చిన్నగా ఆడించింది.

“అప్పుడు చిన్నవాడివి,” అంది. “కంగారుపడ్డావు.”

ఆయన గుంట దగ్గర కొట్టింది వినిపించిందో లేదో అడగాలనుకున్నాడు. ఆమె ఎడమ చెయ్యి చాప దాటి, పైపు మొదలును తాకుతూ ఉంది. అది చూసి అడగలేదు. ఎండ గుమ్మం దాటి వసారాలోకి వచ్చింది. బొటనవేలు మీద పట్టు ఉన్నట్టే ఉండి, ఎప్పుడో వదులైంది. ఆయన వంగి ఆమె ఛాతీ మీద చెవి పెట్టాడు. రెండు దెబ్బలు విన్నాడు. ఎడం వచ్చింది. మూడోదాని కోసం అలాగే చాలాసేపు ఉన్నాడు.

మిషనామె కొంగు నోట్లో కుక్కుకుంది.

“మూడు కొట్టమంది అన్నయ్యా. వినబడకపోతే కంగారులో ధడాలున కట్టేసి పరుగెత్తుకొస్తాడు, పాపం ఏ తల్లి ఏ బిడ్డను తీసుకుని ఆ దారిన పోతుంటుందో అంది. నేను సరిగానే కొట్టానా?”

“సరిగానే కొట్టావమ్మా,” అన్నాడు.

కుళాయి కట్టేవాళ్లు లేక, పైపులో మిగిలిన నీళ్లు బొట్లు బొట్లుగా దిగి అప్పటికి ఆగిపోయాయి. తిరిగి తగిలించడం మరిచి మిషనామె కుళాయి కింద వదిలేసిన గరిటె, చిట్లిన అంచు దాకా నిండి, కదలకుండా ఉంది.